ఎనిమిదో వరస

క్లబ్బు మేనేజరు చేతికర్ర మొదటి దెబ్బ గులాబీ మొక్క మీదే పడింది. మూడో వరసలో, కాలిబాట పక్కనున్న మొక్క. దెబ్బకి కొమ్మ వంగలేదు, టప్పున విరిగింది. ఆయన ఆ ముక్కని ఎత్తి పట్టుకుని చూశాడు. కొస బొగ్గులా నల్లగా ఉంది. దాని కింద జానెడు మేర గోధుమ రంగు, ఆ కింద ఎక్కడో కాస్త పచ్చ. పక్క మొక్క మీద ఇంకో దెబ్బ వేశాడు. అదీ అంతే. ఇంకో తొమ్మిది రోజుల్లో క్లబ్బులో గులాబీల పోటీ. ఊళ్ళో తోటలున్న పెద్దలంతా వస్తారు. ఆరేళ్ళుగా కప్పు ఈ తోటదే. ఆయన వరస పొడుగునా ఎదురొచ్చిన ప్రతి మొక్కనీ బాదుకుంటూ పోయాడు. మొక్కలు తిరిగి కొట్టవు కదా.

పెద్దమాలి ఆయన వెనకే రెండడుగులు ఎడంగా నడిచాడు. పాతికేళ్ళుగా ఆ తోట కోస్తున్నవాడు. కత్తెర పడితే ఎనిమిది వరసల్లోని రెండొందల నలభై మొక్కల్నీ వేలెడు తేడా రాకుండా ఒకే ఎత్తుకి దించగలడు. అతని భార్య నాలుగో వరసలో గోనెపట్టా పరుచుకుని రాలిన ఆకులు ఏరుతోంది. క్లబ్బులో అందరూ ఆమెని తోటమ్మ అంటారు. మొగుడు కోసింది ఏరడం, ముక్కలు చేసి మొదళ్ళలో పరవడం, కలుపు తీయడం ఆమె పని. తల ఎత్తకుండానే ఆమె ఒక్కో దెబ్బా లెక్కపెట్టింది. అది అలవాటు. ఇంట్లోనూ అంతే, లెక్కపెడితే దెబ్బలు తొందరగా అయిపోయినట్టు ఉంటుంది.

వరస చివర మేనేజరు ఆగాడు. పోటీ నాటికి తోట ఇలాగే ఉంటే క్వార్టరు తాళంచెవి తెచ్చి తన బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు. గొంతు పెంచలేదు. కర్ర చంకలో పెట్టుకుని, మాలి చొక్కా పట్టి దగ్గరికి లాక్కుని, విరిగిన పుల్లని అతని జేబులో గుచ్చాడు. పుల్లకి ముళ్ళున్నాయి. జేబు చిరిగి రొమ్ము మీద ఎర్రటి గీత పడింది. మాలి "అలాగే సార్" అన్నాడు.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం పళ్ళెం గోడకి తగిలింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం ఆ ఇంట్లో కొత్త కాదు. పెద్దమాలికి తాగుడు లేదు, పేకాట లేదు, మరో ఆడదాని ఊసు లేదు. ఆ మూడింటికీ సరిపడా కోపం మాత్రం ఉంది. నీళ్ళు ఎక్కువ పెట్టావా అని అడిగాడు. లేదంది. ఎరువు మొదలుకి తగిలేలా వేశావా అన్నాడు. వెయ్యలేదంది. వేసి ఉంటే ఇప్పుడే చెప్పమని జుట్టు పట్టుకున్నాడు. జుట్టు అతని చేతిలో ఉండగానే గేటు కాపలావాడు వాకిట్లో నిలబడి దగ్గాడు.

కాపలావాడికి గేటు దగ్గర ఊసుపోదు. వచ్చేపోయేవాళ్ళ మాటలు చెవినేసుకోవడం, వాటిని అవసరమున్న చోటికి మోసుకెళ్ళడం అతనికి కాలక్షేపం. ఆ రోజు మోసుకొచ్చిన మాట ఇది. మూడు వారాల కింద, కత్తిరింపులు జరిగిన రోజున, మాలి బావమరిది గేటు బయట బీడీ వెలిగించుకుంటూ, ఇలా కోస్తే ఈ తోట పదిహేను రోజుల్లో చస్తుందని అన్నాడట. తన చెవులతో విన్నానని కాపలావాడు ఒట్టు పెట్టుకున్నాడు.

పెద్దమాలి పెళ్ళాం జుట్టు వదిలేశాడు. ఆమెకి ఆ క్షణాన హాయిగా అనిపించింది. తమ్ముడి మీదికి పోయే గాలి అది అని అప్పటికి తట్టలేదు.

ఆ బావమరిది, అంటే తోటమ్మ తమ్ముడు, ఆరు నెలల కింద ఏదో నర్సరీలో పని మానేసి వచ్చి ఇక్కడ రెండో మాలిగా చేరాడు. పనిముట్ల కొట్టంలోనే మంచం వేసుకున్నాడు. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఒక్కటే పిచ్చి. మొక్క మొక్కకీ ఆగి, నీలం స్పిరిట్లో దూది ముంచి కత్తెర రెండు రెక్కలూ తుడిచి, అవి ఆరేదాకా నిలబడి, అప్పుడు పక్క మొక్క దగ్గరికి పోతాడు. బావ రెండు వరసలు కోసేలోపు ఇతను అర వరస దాటడు. పెద్దమాలి అతనికి కాంపౌండరు అని పేరు పెట్టాడు. ఏం కాంపౌండరూ, మొక్కకి ఇంజెక్షనా అనేవాడు. పెద్దమాలీ తుడుస్తాడు, తుడవకపోవడమేమీ లేదు. నడుముకి ఎప్పుడూ ఒక నూనెగుడ్డ వేలాడుతుంది. ప్రతి మొక్క తరవాతా దాంతోనే కత్తెర తళతళలాడేలా తుడుస్తాడు. ఇనుముకి నూనె పెట్టాలిగానీ సారా పోయడమేమిటని అతని వాదం. తోటమ్మ ఇద్దరి మధ్యా నవ్వి ఊరుకునేది. మొగుడి మాటకి నవ్వకపోతే ఒక బాధ, తమ్ముడి మీద నవ్వితే ఇంకో బాధ.

*

మంగళవారం తెల్లారగానే పెద్దమాలి గోడవారనున్న ఎనిమిదో వరసకి వెళ్ళాడు. ఏడు వరసలు తను కోసినవి, ఆ ఒక్కటీ బావమరిది కోసింది. మొదట్నుంచి నాలుగో మొక్కా, అయిదో మొక్కా మొదలుదాకా నల్లబడి ఉన్నాయి. అక్కడే ఆగిపోయాడు. ఆరో మొక్క చూడలేదు. కోపంలో ఉన్న మనిషికి రెండు చాలు, మూడోది అక్కర్లేదు.

తోటమ్మ కుళాయి దగ్గర బిందె పెట్టుకుని ఉంది. మొగుడు కొట్టంలోకి పోవడం చూసింది. ఆ నడక ఆమెకి తెలుసు. మడమలు నేలకి ఆనవు. కుళాయి కట్టెయ్యకుండానే పరుగెత్తింది.

తమ్ముడు నేల మీద గొంతుక్కూచుని సానరాయి మీద కత్తెర నూరుకుంటున్నాడు. పెద్దమాలి గూట్లోంచి స్పిరిట్ సీసా తీసి వెలుతురుకి పట్టి చూశాడు. మూత తీసి వాసన చూశాడు.

"ఏం పోశావురా నా మొక్కలకి?"

"ఏం పొయ్యలేదు బావా. అది కత్తెరకి."

"పదిహేను రోజుల్లో తోట చస్తుందని అన్నావా, లేదా?"

"అన్నాను. నీకూ చెప్పాను. నువ్వే వినలేదు."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండవలసింది. సీసా సానరాయి మీద పగిలింది. నీలం నీళ్ళు నేలంతా పాకాయి. తరవాత పార కర్ర లేచింది. మొదటిది భుజం మీద, రెండోది చెవి మీద. చెవి మీద పడ్డ దెబ్బకి తమ్ముడు పక్కకి ఒరిగిపోయాడు. తిరిగి కొట్టలేదు. ఎడం చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కుడిచెయ్యి నేల మీద ఉంది, అందులో కత్తెర అలాగే ఉంది. పెద్దమాలి బూటుకాలు ఆ చేతి మీద వేసి, సిగరెట్టు పీక నలిపినట్టు నలిపాడు. కింద కత్తెర పిడి, పైన బూటు మడమ, మధ్యలో వేళ్ళు. ఎముక చప్పుడు తోటమ్మకి గుమ్మంలోకి వినబడింది. అప్పుడు తమ్ముడు అరిచాడు.

ఆమె మొగుడి చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగింది. చొక్కా చిరిగి చేతికొచ్చింది. మళ్ళీ నడుము పట్టుకుంది. అతను చూడకుండా విసిరిన మోచెయ్యి ఆమె నోటికి తగిలి పెదవి చిట్లింది. కాపలావాడు విడిపించడానికే పరుగెత్తుకొచ్చాడు. తోటకి విషం పోశాడన్న మాట చెవిన పడగానే విడిపించే సంగతి మర్చిపోయి తనూ ఓ తన్ను తన్నాడు. పడ్డవాడిని తన్నడానికి కారణం తెలియక్కర్లేదు, ముందు ఒకడు తన్ని ఉంటే చాలు.

మేనేజరు వచ్చేసరికి తమ్ముడు గోడకి చేరగిలపడి, చేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. రెండు వేళ్ళు ఉండవలసిన తీరులో లేవు. మేనేజరు వేళ్ళకేసి చూడలేదు. నేల మీద నీలం తడికేసి చూశాడు, ఏమిటిదన్నాడు. విషం అన్నాడు కాపలావాడు. ఆ మాటతో మేనేజరు ముఖం తేటపడింది. తోట పోయినందుకు పైవాళ్ళకి ఏం చెప్పాలా అని నిన్నట్నుంచి ఆయన తిండి మానేశాడు. ఇప్పుడు చెప్పడానికి ఒక మనిషి దొరికాడు. పోలీసు కేసు పెడదాం, ముందు ఆసుపత్రిలో పడెయ్యండి అని క్లబ్బు బండి పిలిపించాడు.

బండి ఎక్కిస్తుంటే తమ్ముడు అక్కకేసి చూశాడు. ఆమె ఆ నీలం తడికేసి చూస్తోంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమెకీ అనుమానం వచ్చింది. ఆ క్షణానికి తరవాత ఆమె చాలా ఏడ్చింది.

*

బుధవారం ఆసుపత్రిలో తమ్ముడి చేతికి మోచేతిదాకా కట్టు ఉంది. చెవి మీద దూది. ఆ వైపు కూర్చుని మాట్లాడితే వినిపించడం లేదని ఆమె ఇటువైపుకి స్టూలు జరుపుకుంది. చూపుడువేలూ, మధ్యవేలూ ఇక మడత పడవని డాక్టరు పొద్దున చెప్పి వెళ్ళాడట. కత్తెర నొక్కడానికి కావలసినవి బొటనవేలు కాక ఆ రెండే. తమ్ముడు ఆ సంగతి వేరే ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు.

క్లబ్బు గుమస్తా వచ్చి చూసిపోయాడని కూడా చెప్పాడు. ఫిర్యాదు కాగితం టైపవుతోంది. కక్షతో తోటకి విషం పోశాడని కేసు. సాక్షులు అక్కా బావా. శుక్రవారం పొద్దున ఇద్దరి సంతకాలూ అయితే కాగితం స్టేషనుకి పోతుంది, అతను ఈ మంచం మీద నుంచి నేరుగా జైలుకి పోతాడు. గుమస్తా మంచివాడే, ముందే తెలిసి ఉండాలని చెప్పి పోయాడు.

తోటమ్మ చాలాసేపు చెంగు కొస ముడివేస్తూ విప్పుతూ కూచుంది. తరవాత అడగకూడనిది అడిగింది.

"నిజం చెప్పరా. ఏమైనా పోశావా?"

తమ్ముడు తల గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె పెదవి మీద కుట్టు లాగుతుంటే చేత్తో అదుముకుని అలాగే ఉంది. నర్సు వచ్చి గ్లూకోజు సీసా మార్చి పోయింది. అప్పుడు తమ్ముడు గోడతోనే మాట్లాడుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. అది విషం కాదు, తెగులు. కంటికి కనబడని బూజు. కోసిన గాయంలోంచి కొమ్మలోకి దిగుతుంది. కొసన పుండు పెట్టి, పైనుంచి కిందికి చంపుకుంటూ వస్తుంది. చినుకుల్లో కోస్తే మరీను. జబ్బు కొమ్మని కోసిన కత్తెరతోనే మంచి కొమ్మని కోస్తే దానికీ ఎక్కుతుంది. కత్తిరింపుల రోజు రెండో వరసలో అప్పటికే నాలుగు మొక్కలకి పుండు ఉంది. బావకి చూపించాడు. ఎండకి మాడిందిలే పోరా అన్నాడు.

"మీ బావ తుడుస్తాడుగా. ప్రతి మొక్కకీ తుడుస్తాడు."

"దేంతో తుడుస్తాడక్కా?"

ఆ నూనెగుడ్డ ఆ నడుముకి ఎన్నేళ్ళ నుంచి వేలాడుతోందో ఆమెకే తెలియదు. ఉతుకుతానంటే నూనె పోతుందని ఇచ్చేవాడు కాదు.

"నా మాట నమ్మొద్దులే. వెళ్ళి నా వరస చూడు" అన్నాడు తమ్ముడు.

*

చూడ్డానికి గురువారం మధ్యాహ్నందాకా వీలు చిక్కలేదు. ఏడు వరసలూ పెకలించి తగలబెట్టమని మేనేజరు ఉత్తరువు. పూలు లేని మొక్కల కన్నా మొక్కలు లేని మట్టి నయమని, అక్కడ కుండీలు అద్దెకి తెచ్చి పెడతామని అన్నాడు. పెద్దమాలి గునపంతో దిగాడు. మొదలు చుట్టూ నాలుగు పోట్లు, అయిదో పోటు వేరు కిందికి, ఒక్క తన్ను. మొక్క లేచి పడేది. పాతికేళ్ళు చేత్తో పెంచినవాటిని అలా తన్నుతుంటే అతని ముఖం చూడలేక తోటమ్మ తల వంచుకుని వాటిని తగలబెట్టే గోతి దాకా ఈడ్చింది. కొన్నిటి వేళ్ళు ఇంకా తెల్లగా, తడిగా ఉన్నాయి. పైన చచ్చినా కింద బతికే ఉన్నాయి. ముళ్ళు మోచేతులదాకా చీరేశాయి. గోతిలో మంట పచ్చివేళ్ళు తగిలినప్పుడల్లా బుస్సుమంది. గొంతులోకి చేదు పొగ పోయి ఇద్దరూ దగ్గారు.

పన్నెండింటికి అతను నీళ్ళకి పోగానే ఆమె గోడవారకి నడిచింది.

ఒకటో మొక్క. కోసిన ప్రతి కొస చుట్టూ లేతాకుపచ్చ అంచు కట్టి గాయం మూసుకుపోయింది. దాని కింద ఎర్రటి కొత్త చిగుళ్ళు రెండు. రెండోది అంతే, మూడోది అంతే. నాలుగు, అయిదు నల్లగా చచ్చి ఉన్నాయి. ఆరోది చిగుళ్ళేసింది. ఏడు, ఎనిమిది, ఆ చివర ముప్పైదాకా చూసుకుంటూ పోయింది. అన్నీ బతికే ఉన్నాయి. కొన్నిటికి మొగ్గ కూడా కనబడుతోంది.

తిరిగి నాలుగో మొక్క దగ్గరికి వచ్చి నిలబడింది. ఈ రెండే ఎందుకు చచ్చాయి. గోటితో బెరడు గీకింది. గోధుమరంగు చార కొస నుంచి కిందికి దిగింది. కోత చూసింది. చక్కగా, ఒకే ఎత్తున, ఏటవాలుగా ఉంది. ఆ కోత తమ్ముడిది కాదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సన్నగా చినుకులు పడుతున్నాయి. పెద్దమాలి తన రెండో వరస ముగించుకుని నవ్వుకుంటూ ఇటొచ్చాడు. బావమరిదిని భుజంతో పక్కకి నెట్టి, చూడు కాంపౌండరూ, కోత అంటే ఇలా ఉండాలి అని రెండు మొక్కలు టకటకా కోసి చూపించాడు. మధ్యలో నూనెగుడ్డతో తుడిచాడు కూడా. ఆమె అక్కడే ఉంది. తమ్ముడి ముఖం చిన్నబోతే నవ్వింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మొగుడు కోసిన కొమ్మల్ని వేలెడు వేలెడు ముక్కలుగా నరికి, తడి ఆరదని ఏడు వరసల మొదళ్ళలోనూ పరిచింది తనే. జబ్బు కొమ్మలు మంచి మొక్కల కింద, గంపలకొద్దీ. తమ్ముడు మాత్రం, అక్కా, నా చెత్త అవతల పారేసి తగలెట్టు అన్నాడు. వీడి చాదస్తం అనుకుంటూనే తగలెట్టింది. కోసిన చెయ్యి ఒకటైతే పరిచిన చెయ్యి తనది. వేళ్ళు విరిగింది మూడోవాడివి.

మొగుణ్ణి పిలిచింది. ఏమీ అనకుండా చూపించింది. ఇది వాడు కోసింది. ఇది నువ్వు కోసింది. ఇది వాడు. గోటితో గీకి చూపించింది, పచ్చగా ఉన్నదీ, గోధుమ రంగుదీ. అయిదో మొక్క దగ్గరికొచ్చేసరికి అతని చెయ్యి దానంతటదే నడుము మీది గుడ్డ మీదికి పోయింది. అతనికి అర్థమైపోయిందని ఆమెకి తెలిసింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ముఖంలో ఆ సంగతి దాగదు.

అర్థమయ్యాక మనిషి ఏడవచ్చు, కూలబడచ్చు. ఇతను నడుముకున్న ఒరలోంచి కత్తెర తీశాడు. ఆరో మొక్కని పట్టుకుని కోశాడు. ఎత్తు చూడలేదు, చిగురొచ్చే కన్ను చూడలేదు, ఎక్కడ పడితే అక్కడ. ఏడో దానికి పోయాడు. చిగుళ్ళు అతని బూట్ల మీద రాలాయి. ఆమె ఆపమంది. వినలేదు. భుజం పట్టుకుంది. విదిలించాడు.

"ఇది కూడా చస్తే ఎవడూ ఏమీ అడగడు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అందుకే ఆమెకి భయం వేసింది.

ఎనిమిదో మొక్క కూడా అయింది. తొమ్మిదోదాని మీద కత్తెర పడేలోపు తోటమ్మ పార అందుకుంది. తిరగేసి, రెండు చేతులా పట్టుకుని, కర్రతో అతని పిక్క మీద కొట్టింది. ఒక ఆడమనిషి బెదిరించడానికి కొట్టే దెబ్బ కాదు. గట్టి నేల తవ్వేటప్పుడు వేసే దెబ్బ. అతను మోకాలి మీద పడ్డాడు. లేవబోయాడు. ఆమె మళ్ళీ ఎత్తింది.

"ఇంకో కొమ్మ తెగితే రెండో కాలు విరగ్గొడతాను."

ఇన్నేళ్ళలో అతను ఆమెని అలా కింద నుంచి చూడలేదు. చూసినంతసేపూ చూశాడు. ఆమె కర్ర దించలేదు. కొట్టాలని ఉంది. తమ్ముడి వేళ్ళ కోసం, పగిలిన పళ్ళేల కోసం, తను నవ్విన నవ్వు కోసం, చచ్చేదాకా కొట్టాలని ఉంది. అతను కత్తెర నేల మీద పెట్టి, కాలు ఈడ్చుకుంటూ గోతి వైపు వెళ్ళిపోయాడు. ఆమె పార వదిలేసింది.

తరవాత కొట్టంలోకి పోయి తమ్ముడి కత్తెర వెతికి తెచ్చింది. పిడి మీద నెత్తురు ఎండి ఉంది, కడిగింది. స్పిరిట్ లేదు. గోతి దగ్గర నిప్పుల మీద రెక్కలు రెండూ ఎర్రబడేదాకా కాల్చి, చల్లారనిచ్చి, మొగుడు కోసిన ఆ మూడు మొక్కల్నీ ఒక జానెడు కిందకి మళ్ళీ కోసింది. మొక్క మొక్కకీ వెళ్ళి కాల్చుకొచ్చింది. ఎప్పుడూ ఏరడమేగాని కోయడం ఆమెకి అదే మొదలు. కోతలు వంకరగా వచ్చాయి. మొగుడు పొగ అవతల కూచుని అదంతా చూశాడు, అడ్డం రాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ తినలేదు. అతను పిక్కకి తడిగుడ్డ చుట్టుకుని గోడకేసి పడుకున్నాడు. రేపు సంతకం పెడతావా అని ఆమె అడగలేదు. అడిగితే పెట్టనంటాడేమో, దాన్ని నమ్మాలేమో, ఆ నమ్మకం తెల్లారేసరికి పోతుందేమో. అన్నిటికన్నా అడగకపోవడమే నయమనిపించింది.

*

శుక్రవారం తొమ్మిదింటికి మేనేజరు కొట్టం ముందు కుర్చీ వేయించుకుని కూచున్నాడు. ఎదురుగా ఏడు వరసల మట్టి ఖాళీగా ఉంది. గుమస్తా అట్టకి బిగించిన కాగితం చదివాడు. రెండో మాలిగా పనిచేయు ఫలానా వ్యక్తి, తన బావ మీద కక్షతో, నీలిరంగు విషద్రావకము పోసి, తోటను సర్వనాశనము చేసినట్లు, ముందే గేటు వద్ద బెదిరించినట్లు, దానికి మేము ప్రత్యక్ష సాక్షులము. చదివి, కలం పెద్దమాలికి అందించాడు.

పెద్దమాలి కలం తీసుకున్నాడు. కాగితం మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉన్నాడు. మేనేజరు తొందరపెట్టాడు. సంతకం పెడితే క్వార్టరు ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, తోట మళ్ళీ నాటుకోవచ్చు, ఈ వయసులో బయటికి పోతే నిన్నెవరు పెట్టుకుంటారని మెల్లగా, అభిమానంగానే చెప్పాడు. కర్ర దెబ్బ కన్నా ఆ అభిమానమే పెద్దమాలికి ఎక్కువ తగిలినట్టుంది, కలం కాగితానికి ఆనింది.

"అందులో మనిషి పేరు తప్పు పడింది సార్" అంది తోటమ్మ.

ఆమె ఆయన ముందు అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. గుమస్తా తలెత్తాడు. ఆమె ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయపడి గబగబా చెప్పేసింది. అది విషం కాదు, తెగులు. ఎనిమిదో వరస వెళ్ళి చూడండి. వాడు కోసిన ఇరవై ఎనిమిదీ బతికాయి. మిగతా రెండూ వాడు కోసినవి కావు. ముక్కలు మొదళ్ళలో పరవనిది కూడా ఆ ఒక్క వరసలోనే. తోట చస్తుందని వాడు బెదిరించలేదు, చెప్పాడు. మేమే వినలేదు.

"మా తమ్ముడి పేరు కొట్టెయ్యండి. కోసింది మా ఆయన, పరిచింది నేను. మా ఇద్దర్నీ రాయండి."

మేనేజరు లేచి గోడవారకి నడిచాడు. వరస పొడుగునా పోయి వచ్చాడు. వచ్చేటప్పుడు కర్ర ఊపలేదు. మొగ్గలకేసి చూసినట్టున్నాడు, పోటీకి పాతిక మొక్కలన్నా ఉన్నాయన్న లెక్క కళ్ళల్లో తిరుగుతోంది. మనుషుల సంగతి ఆయనకి తరవాత గుర్తొచ్చింది. ఏమయ్యా, నీ పెళ్ళాం చెప్పేది నిజమేనా అని అడిగాడు.

కాపలావాడు రెండడుగులు వెనక్కి వేశాడు. పెద్దమాలి కోపం అందరికీ తెలిసినదే. తోటమ్మ చెంగు నడుముకి బిగించి నిలబడింది. కొడితే పడకూడదని మాత్రం అనుకుంది.

"దాన్ని రాయకండి" అన్నాడు పెద్దమాలి.

గుమస్తాకి అర్థం కాలేదు. అబద్ధమంటున్నావా అన్నాడు.

"అబద్ధం కాదు. కోసింది నేను. పరవమని చెప్పింది కూడా నేనే. వాడు చూపిస్తే కొట్టిపారేసింది నేను. వాడి చెయ్యి విరగ్గొట్టిందీ నేనే, అదీ రాసుకోండి. ఒక్క పేరు చాలు."

కలం గుమస్తాకి ఇచ్చేశాడు. గుమస్తా మేనేజరుకేసి చూశాడు. ఇక స్టేషనుకి పంపక్కర్లేదన్నట్టు మేనేజరు విసుగ్గా చెయ్యి ఊపాడు. గుమస్తా తమ్ముడి పేరు మీద ఒక గీత కొట్టాడు, సరిపోదనుకున్నాడో ఏమో, ఇంకో గీత కొట్టాడు. ఆదివారం లోపల క్వార్టరు ఖాళీ చెయ్యమనీ, చేసేదాకా ఎనిమిదో వరస దగ్గరికి పెద్దమాలిని రానివ్వద్దనీ మేనేజరు కాపలావాడితో చెప్పాడు. కాపలావాడు పెద్దమాలికేసి చూడకుండా తలూపాడు.

ఇంటికొచ్చాక తోటమ్మ పొయ్యి మీదిది దించి క్యారియరు సర్దింది. గిన్నె మీద గిన్నె పెట్టి కొక్కెం బిగించింది. ఒక్క పేరు చాలు అన్న మాట ఆమె చెవుల్లో ఉంది. అది మంచి మాటే. ముప్పై ఏళ్ళలో అంత మంచి మాట అతని నోట రాలేదు. దానికి కరిగిపోవాలని మనసు లాగింది కూడా. కాని కరగబోతే తమ్ముడి వేళ్ళు గుర్తొస్తున్నాయి. ఆ రెండు వేళ్ళూ మడత పడవు.

అతను గుమ్మంలో, కాలు చాపుకుని కూచుని ఉన్నాడు. ఆమె దాటుతుంటే కాలు ముడుచుకున్నాడు.

"నేనూ రానా?"

అంత చిన్న గొంతు అతనికి ఉందని ఆమెకి ఇవాళే తెలిసింది. ఆమె చెప్పులు వేసుకుంది, క్యారియరు చెయ్యి మార్చుకుంది.

"వాడు రమ్మంటే వచ్చి చెప్తాను" అని, ఆసుపత్రి వైపు నడిచింది.